శ్రద్ధ నిలుచు చోటు

"శ్రద్ధ" యను పదము మన యిండ్లలో ప్రతిదినము వినబడుచుండును. పిల్లలు శ్రద్ధగా చదువవలెననియు, పితృకార్యమును శ్రద్ధతో చేయవలెననియు పెద్దలు చెప్పుదురు. ఈ పదమును విడదీసి చూచినచో దాని లోతు తెలియును. "శ్రత్" అనగా సత్యము. "ధా" అనగా నిలుపుట. ఇది సత్యమని తోచినదానియందు మనస్సును నిలుపుటయే శ్రద్ధ. మానవుని స్వరూపమును నిర్ణయించునది వాని శ్రద్ధయే యని భగవద్గీత 17వ అధ్యాయము బోధించుచున్నది.

ఇంతటి శ్రద్ధ మానవునకు ఎట్లు కలుగును? కలిగినది యేల మారును? తరతరముల మతమును విడిచి మరియొక మతమున చేరువారును, ఏ మతమును వలదనువారును లోకమున కనబడుచున్నారు కదా! దీనిని తెలిసికొనుటకు దూరదేశముల కేగనక్కరలేదు. కృష్ణానదికి దక్షిణమున, పలనాటి నుండి ఒంగోలు వరకు వ్యాపించిన ప్రత్తి, మిరప చేల నేల రెండువేల యేండ్లుగా ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచునే యున్నది.

శ్రద్ధకు నాలుగు ద్వారములు

మానవుని హృదయమున శ్రద్ధ నాలుగు విధముల ప్రవేశించును: పుట్టుకచేత, సహవాసముచేత, అనుభవముచేత, విచారముచేత. వీనిలో మొదటిదే లోకమున అధికము. నామము దిద్దుకొనుటకు ముందు బాలుడు వేదాంతమును విచారింపడు. అవ్వ ఒడిలో కూర్చుండి గోవింద నామము విన్నాడు; అది వానిదైనది. ఇట్లు వచ్చిన శ్రద్ధ తక్కువది కాదు. కాని అది విత్తనము వంటిది. రేగడినేలను సాగుచేయు రైతునకు ఒక సంగతి తెలియును: విత్తనము ఎంత మేలైనదైనను నేలలో పదును లేనిచో మొలవదు. శ్రద్ధకు పదును ఎక్కడినుండి వచ్చునన్నదే విచారింపవలసిన విషయము.

ఒకే యింట రెండు దీపములు

మూడవ శతాబ్దమున నాగార్జునకొండ లోయలోని విజయపురిని ఇక్ష్వాకు రాజులు ఏలుచుండిరి. ఆ వంశస్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ వాజపేయాది క్రతువులను చేసినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బుద్ధుని ధాతువులు గల మహాచైత్యమునకు నిర్మాణకార్యములు చేయించెను. అన్నగారు యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యాంగణములో! ఈ సంగతులను శాసనములే చెప్పుచున్నవి. అదే లోయలో అష్టభుజస్వామి ఆలయమును ఉండెను. ఆంధ్రదేశమున శాసనము గల విష్ణ్వాలయములలో అది మిక్కిలి ప్రాచీనమైనది. నాగార్జునసాగర జలములు ఆ లోయను ముంచకమునుపు అచటి శిల్పములలో అనేకమును కొండమీదికి చేర్చిరి. నేడది ద్వీపము, యాత్రికులు పడవలో పోయి చూచుచున్నారు.

అమరావతి చరిత్రయు ఇట్టిదే. ఏడవ శతాబ్దమున చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చినప్పటికే విహారములలో ఎక్కువ పాడుపడి యుండెను. కాని వెలుగు ఒక్క దినమున ఆరలేదు. 1182లో కోట వంశపు కేతరాజు అమరేశ్వరునకు దానములు చేయుచు, అచటి బుద్ధునకును గ్రామములను, అఖండదీపములను సమర్పించినట్లు శాసనము కలదు. 1344 నాటి సింహళ శాసనమొకటి ఒక భిక్షువు ధాన్యకటకమునకు వచ్చి బుద్ధాలయమును బాగుచేయించిన సంగతి చెప్పుచున్నది.

దీనినుండి గ్రహింపవలసినదేమి? వాదసభలో ఓడిపోయిన మరునాడే మతము నశింపదు. పోషించు వర్తకులు తగ్గినప్పుడు, విహారము ఊరికి దూరమైనప్పుడు, గృహస్థుని పెండ్లికిని చావునకును తోడు నిలుచువారు మరియొకరైనప్పుడు శ్రద్ధ మెల్లగా చోటు మార్చుకొనును. ప్రజలు తమ సుఖదుఃఖములకు దగ్గరగా నున్న దేవుని ఆశ్రయింతురు.

చాపకూడు

పండ్రెండవ శతాబ్ది ఉత్తరార్ధమున పలనాటిలో బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుని భక్తుడై వైష్ణవమును వ్యాపింపజేసెను. ఆయన ప్రజలకు ఏ భాష్యమును బోధించెనో వీరగాథలు చెప్పవు. ఆయన ఏమి చేసెనో మాత్రము మరువక చెప్పుచున్నవి: అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి కుడిపించెను. దానినే "చాపకూడు" అనిరి. మాల కులమున పుట్టిన కన్నమదాసును కుమారునిగా చేకొని సేనను అప్పగించెను. పలనాటి వీరులు కారంపూడి యుద్ధమున ప్రాణములర్పించిన తరువాత ఎనిమిది వందల యేండ్లు గడచినను, నేటికిని కార్తికమాసమున అచటి వీరుల తిరునాళ్ళలో మందపోరు నాడు చాపకూడు జరుగుచునే యున్నది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఆ సీమ పలనాడు జిల్లాయైనది. విస్తరి ముందటి సమత్వమే ఆ సీమకు నేటికిని పెద్ద పేరు.

ఇచట ఒక సంగతి విస్మరింపరాదు. ఆ కాలముననే కన్నడదేశమున బసవేశ్వరుడు, ఆయన వెనుక ఆంధ్రదేశమున వీరశైవులు, భక్తునకు కులము లేదని చాటిరి. శైవ వైష్ణవములు సిద్ధాంతమున ఒండొంటితో ఎంత పోరాడినను, జనసామాన్యమును ఆకర్షించినది మాత్రము రెంటియందును ఒక్కటే: మనిషిని మనిషిగా పంక్తిలోనికి పిలుచుట.

కైశిక ద్వాదశి కథ

వైష్ణవ సంప్రదాయమునకు ఈ సత్యము క్రొత్తది కాదు. వరాహపురాణములోని కైశిక మాహాత్మ్యము అందరెరిగినదే. పంచమకులమున పుట్టిన భక్తుడొకడు తెల్లవారుజామున స్వామిని పాటతో మేల్కొలుపుటకు కురుంగుడికి పోవుచుండెను. ఆలయపు వెలుపలనే నిలిచి పాడువాడు. దారిలో బ్రహ్మరాక్షసుడు వానిని పట్టెను. పాడి తిరిగి వత్తునని మాట యిచ్చి, పాడి, అన్నమాట చొప్పున తిరిగి వచ్చెను. పూర్వజన్మమున బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడు ఆ పాట ఫలమును యాచించి శాపవిముక్తుడయ్యెను. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని జయించి ఈ సీమకు ప్రభువైన వాడు. ఆయన తన ఆముక్తమాల్యదలో ఈ కథనే మాలదాసరి కథగా విస్తరించి రచించెను. తిరుమలలో నేటికిని కైశిక ద్వాదశినాడు సూర్యోదయమునకు ముందే ఉగ్రశ్రీనివాసమూర్తి ఊరేగును. కైశిక పురాణ పఠనము జరుగును.

ప్రతివత్సరము చదువబడు ఆ కథయందు తరింపజేసినవాడు వెలుపల నిలిచినవాడు. తరించినవాడు పూర్వజన్మమున లోపల నిలువదగిన కులమువాడు. గ్రంథము ఇంత స్పష్టముగా చెప్పినది. మరి గడప ఏమి చేసినది? దీనికి సమాధానము ఒంగోలు చరిత్రలో కలదు.

ఒంగోలు పాఠము

నేటి ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడినది. అంతకుమునుపు ఒంగోలు గుంటూరు జిల్లాలోనిది. దానికిని పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 1840లో నెల్లూరున నెలకొన్న అమెరికన్ బాప్టిస్టు మిషనువారు పాతికేండ్లు బోధించినను వారి సంఘమున చేరినవారు మిక్కిలి కొలదిమందియే. దూరదేశమునందలి వారి పెద్దలు ఆ మిషనును మూసివేయుదమా యని పలుమారు తలపోసిరి. వాదముచేతను పుస్తకముచేతను మతము మారునదైనచో ఆ పాతికేండ్లు చాలవలసినది.

1866లో జాన్ క్లౌ అను మిషనరీ ఒంగోలున స్థిరపడెను. ఊరిలోని అగ్రవర్ణులు తమ పిల్లల చదువునకై పాఠశాల కోరగా ఆయన తెరచెను. ఆ కాలముననే యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు క్రైస్తవమును గ్రహించెను. తోళ్ళ వ్యాపారము చేయుచు ఊరూర తిరిగినవాడు. పేరయ్య దేవునిగూర్చి ఎరుగనివాడు కాడు. అంతకుమునుపే రాజయోగమార్గమున గురూపదేశము పొంది, సాధనచేసి, తానును శిష్యులకు బోధించినవాడు. ఆయన శ్రద్ధ ఆకలినుండి పుట్టలేదు, వెదకులాటనుండి పుట్టినది.

పేరయ్య వెంట తాళ్లకొండపాడు పరిసరముల మాదిగలు రాసాగిరి. అంతట ఊరి పెద్దలు క్లౌ కడకు వచ్చి, వీరిని చేర్చుకొన్నచో మా పిల్లలను పంపమనిరి. ఆయనయు భార్యయు ఆలోచించి, వచ్చిన బీదలను కాదనలేమని నిర్ణయించిరి. అగ్రవర్ణుల పిల్లలు బడి మానిరి. ఆనాడు ఆ బడి ముంగిట ఏ మతసిద్ధాంతమును చర్చకు రాలేదు. ఎవరు లోపల కూర్చుండవలెను, ఎవరు వెలుపల నిలువవలెను అన్నదొక్కటే చర్చ. కైశిక ద్వాదశి కథను విన్న చెవులు ఆ ఊరిలోను ఉండియే యుండును.

క్రొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మూడవది మనకు సమ్మతము కాదు. కాని మొదటి రెండింటిని మాదిగవాడలో నిలిచి చూడవలెను. ఏడు దినములలో ఒక దినము తనదనుకొనగల హక్కు తరతరములుగా వెట్టి చేసినవానికి ఎంతటిది! నీచమని యెంచబడిన తిండిని తానే విడిచి తలయెత్తుట ఎంతటిది! జాతరలో డప్పు కొట్టమని వారు చెప్పినప్పుడు ఊరి పెద్దల ఆగ్రహమునకు గురియైరి, కష్టములు పడిరి. అయినను మరలలేదు.

కరువు కూటికై మారిరా?

ఒంగోలు ప్రసక్తి వచ్చినంతనే "కరువులో కూటికై మారిరి" అను మాట వినబడును. ఈ మాటను తూచి చూడవలెను. ధాతు సంవత్సరమున ఆరంభమై 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును దహించిన కరువు నిజము. అప్పుడు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును క్లౌ గుత్తకు తీసికొని, వేలమందికి కూలిపని చూపెను. ఇదియు నిజము. కాని ఆ కరువు పని సాగినంతకాలము, సుమారు పదునైదు నెలలు, ఆయన ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. కూటికై వచ్చిరన్న మాట రాకూడదని ఆపెను. సహాయము ముగిసిన తరువాత జనులు తాముగా వచ్చిరి. 1878 జులై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి కడ, ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను.

కూడు పెట్టిన చేతిని ప్రజలు మరువలేదనుట సత్యము. అంతమాత్రమున వారి శ్రద్ధ కూటి వెల అనుట న్యాయము కాదు. కరువునాడు ఇంట ధాన్యమున్నవారు మన గ్రామములలోను ఉండిరి. ఆకలిగొన్నవాడు ఎవరి గడప త్రొక్కగలిగెనో ఆ గడపను నమ్మెను. అతడు త్రొక్కుటకు వీలులేని గడపలు, ఎంత పవిత్రములైనను, అతనికి లేనట్లే. వారి మునిమనుమలు నేడు చర్చికి పోవుట, మన మనుమలు కోవెలకు పోవుటవంటిదే: అవ్వ ఒడిలో విన్నది. దానిని నిందించుట వారి అవ్వను నిందించుట యగును.

గబ్బిలము అడిగిన ప్రశ్న

వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ తెలుగు పండితుడు, పద్యవిద్యలో ప్రౌఢుడు. ఆయన గబ్బిలము అను కావ్యము 1941లో వెలువడినది. అందు ఆలయప్రవేశము లేని ఒక బీదవాడు కాశీ విశ్వనాథునకు తన మొర వినిపింపగోరి, గబ్బిలమును దూతగా పంపును. ఏల యనగా గబ్బిలమునకు గర్భాలయమునకు పోవ అడ్డులేదు, వానికి కలదు! ఆ కావ్యనాయకుడు దేవుడు లేడనలేదు. దేవునికే మొర పెట్టుకొన్నాడు. తెలుగుదేశములో భక్తులైనవారు ఆ ప్రశ్న విని తలవంచుకొనవలసినదే. 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టము వచ్చినది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసి, 25వ అధికరణముచే ప్రతివానికిని తన అంతరాత్మ చెప్పిన మతమును అవలంబించు స్వాతంత్ర్యము నిచ్చినది. చట్టము తలుపు తెరచినది. గృహస్థుల మనస్సు తెరచు పని చట్టముచేత కాదు.

మతమునే వలదన్నవారును ఈ సీమలోనే కలరు. తెనాలిలో సూతాశ్రమము నిర్మించుకొన్న త్రిపురనేని రామస్వామి (1887–1943) పురాణములను తీవ్రముగా విమర్శించెను. ఆయన వివాహములను తెలుగు మాటలతో జరిపించెను. ఆయన విమర్శలనన్నింటిని అంగీకరింపనక్కరలేదు. కాని ఆ తెలుగు పెండ్లి ఒక లోపమును వ్రేలెత్తి చూపినది. వధూవరులు తాము చేయుచున్న ప్రమాణమేమో తెలియక తలయూపుట శాస్త్రమునకు ఇష్టమా? సప్తపదిలోని ఏడడుగుల భావమును పురోహితుడు రెండు మాటలలో చెప్పినచో ఎవరికిని నష్టము లేదు. అర్థము చెప్పువారు లేనిచోట శ్రద్ధ మొదట అలవాటగును, పిదప బరువగును, చివరకు దింపివేయబడును.

ఆచార్యుల మార్గము

వాదముచేత మతము మారినదనుటకు భగవద్రామానుజుల చరిత్రలో యజ్ఞమూర్తి కథను చెప్పుదురు. ఆ కథను చివరివరకు వినవలెను. శ్రీరంగమున పదునేడు దినములు వాదము సాగినను తీర్పు తేలలేదు. ఆ రాత్రి రామానుజులు స్వామిని వేడుకొనిరి. స్వప్నమున వరదరాజస్వామి అభయమిచ్చెను. మరునాడు ఆయన సభకు నడచివచ్చు తేజస్సును, శాంతిని చూచి యజ్ఞమూర్తి వాదింపకయే పాదములపై బడెను. జయించినది యుక్తి కాదు; నడత.

ఉరంగావిల్లిదాసరి కథయు అట్టిదే. ఆ మల్లుడు భార్య కన్నుల సొగసునకు దాసుడై వీథిలో గొడుగు పట్టి నడచువాడు. రామానుజులు వానిని పరిహసింపలేదు. అంతకంటె అందమైన కన్నులు చూపుదునని పిలిచి శ్రీరంగనాథుని సన్నిధిని నిలిపిరి. తరువాత కావేరీస్నానము చేసి వచ్చునప్పుడు, తక్కువ కులమువాడని లోకము చెప్పిన ఆ దాసరి భుజముపైననే చేయి వేసి నడచిరి. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజములపై మోసి గర్భాలయమునకు కొనిపోయిన సంగతి ప్రతి వైష్ణవ గృహమునకును తెలిసినదే. పూర్వాచార్యులు శ్రద్ధకు పదును ఎట్లు కల్పించిరో ఈ కథలే సాక్ష్యము.

గృహస్థులు చేయదగినవి

ఈ చరిత్ర విన్న పిమ్మట "విడిచిపోయినవారిని ఎట్లు రప్పింపవలెను?" అని అడుగువారుందురు. గీత 7వ అధ్యాయమున, ఏ మూర్తిని ఎవరు శ్రద్ధతో కొలువగోరినను ఆ శ్రద్ధను స్థిరపరచువాడను నేనే యను భావమును భగవానుడు తెలిపియున్నాడు. ఆయన స్థిరపరచినదానిని కదల్చుటకు మన మెవ్వరము? మన గడపను చూచుకొనుటయే మన ధర్మము.

మిరపకోతల కాలమున కూలికి వచ్చిన స్త్రీలకు ఏ పాత్రలో నీళ్ళిచ్చుచున్నాము? ఎండలో కాయ కోసిన చేతులకు పైనుండి దోసిట నీళ్ళు పోయు ఆచారము ఎక్కడనైన మిగిలియున్నచో, ఆ యింట జరుగు తిరుప్పావై పారాయణమునకు ఆ దోసిలియే ప్రశ్న. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానమున ప్రక్కవిస్తరి ఎవరిదని అడుగువారు లేరు. కొండమీద ఒకే పంక్తిలో తిన్నవారు ఊరికి వచ్చి రెండు గ్లాసులు పెట్టినచో, ఆ ప్రసాదమున తిన్నది అన్నమే, ప్రసాదము కాదు.

ఇంటిలో చదువుకొన్న పిల్లవాడు నాకు నమ్మకము లేదన్నచో కోపింపరాదు. వాడడిగిన ప్రశ్నకు తెలిసినంత చెప్పవలెను. తెలియనిచో పెద్దలను అడిగి చెప్పుదుననవలెను. నామము పెట్టుకొనుమని బలవంతపెట్టిన నొసట నామము నిలుచును గాని శ్రద్ధ నిలువదు. ఇంటి కోడలో అల్లుడో అన్య మతమునుండి వచ్చినచో వారి ప్రార్థనను ఎగతాళి చేయరాదు. ఇక్ష్వాకుల యింట రెండు దీపములు వెలిగినవి, ఇల్లు కాలలేదు.

రైతు పదును చూచి విత్తును. మొలకను లాగి పెంచడు. ఆదరము, అర్థము, ఆచరణము గల యింట శ్రద్ధ తనంతట మొలచును. రాబోవు కైశిక ద్వాదశినాడు ఆ కథను ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుకొనవలెను. చదువు ముగిసిన పిమ్మట, ఆ భక్తుడు నేడు వచ్చినచో మన యింట ఎక్కడ కూర్చుండునో ఒక్క నిమిషము ఆలోచింపవలెను. ఆ చోటే మన శ్రద్ధ నిలుచు చోటు.